పాత జావా సామాన్ల వేట: రాణీగంజ్ నుంచి మైసూరు దాకా

పాత జావా 250 మోటార్‌సైకిల్ సామాన్లనగానే అందరూ ముందు మైసూరు రైలెక్కుతారు. ఆ బండ్లు తయారైన ఊరు అదే కదా. ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 నుంచి 1996 దాకా అక్కడి యాదవగిరిలోనే నడిచింది. కానీ మైసూరును ఈ ప్రయాణంలో చివరికి పెట్టుకోవాలి. ఇంజను పూర్తిగా విప్పి, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చుకోకుండా ఇల్లు కదిలితే లాడ్జీ ఖర్చు దండగ. 2018లో వచ్చిన కొత్త జావా షోరూములకూ వెళ్లనక్కర్లేదు. వాటిది నాలుగు స్ట్రోకుల ఇంజను, మన రెండు స్ట్రోకుల బండికి అందులో ఏదీ పట్టదు.

సంచిలో అరిగిన పాత భాగం, వెర్నియర్ కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం), చిన్న అయస్కాంతం, బండి నాలుగు వైపులా తీసిన ఫోటోలు ఉండాలి. ‘జావా సామాను’ అంటే సరిపోదు. పాత జావాకు 16 అంగుళాల చక్రాలు, అదే ఫ్యాక్టరీ నుంచి తర్వాత వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్‌కు 18 అంగుళాలవి. స్పోకుల పొడవు దగ్గర్నుంచీ మారిపోతుంది. పాత ముక్క కౌంటర్ మీద పెడితే వాదన ఉండదు.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, ఆయిల్ సీళ్లు, చైను, కేబుళ్లు చూసుకోవచ్చు. వీటికి జావా పేరు అక్కర్లేదు. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఉంటాయి. క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇంజను ఇరుసు) బేరింగు నంబరు పక్కన సీ3 అని ఉంటే కొత్తదాని మీదా ఉండాల్సిందే. ఇంజను వేడెక్కి వ్యాకోచించినప్పుడు బిగుసుకోకుండా ఆ కాస్త అదనపు సందు కాపాడుతుంది. క్రాంకు సీళ్లకు మాత్రం డబ్బు చూసుకోవద్దు, వేడికి ఓర్చే వైటాన్ రకం అడగండి. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలు క్రాంకులోకి వెళ్లి తెల్లపొగ కక్కుతుంది. డైనమో వైపుది పోతే గాలి పీల్చుకుని మిశ్రమం పలచబడుతుంది. పొగేమీ కనబడదు, పిస్టన్ పట్టేస్తుంది. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి పెట్రోలు పైపు, ట్యాపు వాషర్లు కూడా ఇక్కడే కొత్తవి తీసుకోవాలి.

బెంగళూరులో రెండు చోట్లున్నాయి. కొత్త సామాన్లకు జేసీ రోడ్డు, పాతవాటికి శివాజీనగర్ గుజరీ (పాత సామాన్ల బజారు). జేసీ రోడ్డులో పిస్టన్, రింగులు, పాకింగులు, క్లచ్ ప్లేట్లు చూడాలి. ఆదివారం వెళ్తే మూసిన షట్టర్లే కనిపిస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు గుజరీలో చాలా దుకాణాలు మూస్తారు. అక్కడ హైదరాబాదు ఉర్దూ చక్కగా పనికొస్తుంది, బేరం తేలిక. బస మాత్రం కలాసిపాళ్యం వైపు చూసుకోండి, జేసీ రోడ్డు నడిచి వెళ్లే దూరం. మెజెస్టిక్‌లో లాడ్జీలు ఎక్కువే గానీ, బరువైన సంచితో రోజూ ఆ ట్రాఫిక్‌లో తిరగడం చాలా శ్రమ.

గుజరీలో ట్యాంకు కొనేటప్పుడు అయస్కాంతం తీయండి. పెయింటు కింద పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టదు. మూత తీసి టార్చి వేసి లోపలి తుప్పు చూడండి. పలచబడిన రేకును క్రోమ్ పూతకు ఇస్తే యాసిడ్‌లో ముంచగానే చిల్లులు బయటపడతాయి. క్రాంక్‌కేసు (క్రాంకు ఉండే ఇంజను డొప్ప) అయితే ఒక సగం మాత్రమే ఎప్పుడూ కొనొద్దు. రెండు సగాలనూ కలిపి మెషినింగ్ చేసి ఉంటారు, వేరే జతలోది వేస్తే బేరింగులు ఒకే వరుసలో నిలబడవు.

చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారు గురించి గొప్పగా చెబుతారు. ఎగ్మోర్ స్టేషన్‌కు దగ్గరే, లాడ్జీలకూ లోటు లేదు. కానీ జావా సామాను కోసమే అయితే అంత దూరం వెళ్లాలనిపించదు. బుల్లెట్ వాళ్లకైతే వెళ్లదగ్గ చోటే.

ఇక మైసూరు. ఇక్కడ సామాను కన్నా పనితనం దొరుకుతుంది. ఫ్యాక్టరీ తరం చేతుల కింద పని నేర్చుకున్న మెకానిక్కులు ఉన్నారు. నా లెక్కలో ఈ మొత్తం దారిలో డబ్బు పెట్టదగ్గ పని క్రాంకుదే. జావా క్రాంకు ప్రెస్‌తో బిగించింది, కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) కిట్టు మార్చాలంటే విడదీసి, మళ్లీ నొక్కి, సెంటర్ల మధ్య తిప్పి డయల్ గేజీతో సరిచేయాలి. తిరిగేటప్పుడు క్రాంకు ఊగు 0.03 మి.మీ. లోపు ఉండాలి, కళ్లెదుటే గేజీ పెట్టి చూపించమనండి. సుత్తితో కొట్టి కంటితో సరిచూసేవారికి ఇవ్వొద్దు. అరిగిన సిలిండరును లోపల కోసి పెద్దది చేసే బోరింగు కూడా పిస్టన్ చేతిలో ఉన్నాకే. అసలు కొలత 65 మి.మీ., పై సైజులు 0.25 చొప్పున పెరుగుతాయి. ముందే బోరు చేయించేస్తే ఆ సైజు పిస్టన్ కోసం మళ్లీ జేసీ రోడ్డు తిరగాలి. యాదవగిరి రైల్వే స్టేషన్ పక్కనే కాబట్టి స్టేషన్ దగ్గరి బస బాగుంటుంది. దసరా రోజుల్లో వెళ్లకండి, గదులు దొరకవు, దొరికినా అద్దె మండిపోతుంది.

ఎక్కడా దొరకని బుష్షులు, పిన్నులు, స్పేసర్లకు ఊళ్లు తిరగడం మానేసి విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకు నమూనా ఇవ్వండి. క్రోమ్‌కు ఇచ్చేచోట మాత్రం కింద రాగి, నికెల్ పూతలు వేస్తారా అని అడగాలి. నికెల్ పలచనైతే మన కోస్తా ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు చుక్కలు తేలతాయి.

చౌకగా వస్తోందని నంబరున్న ఇంజను కొనేముందు కాగితాలు చూడండి. ఇంజను నంబరు మారితే ఆర్‌సీలో ఎక్కించాలి. 50 ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టరు చేయించాలనుకుంటే ఛాసిస్, ఇంజను పెద్దగా మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అందుకే ఇంజను నంబరున్న పాత క్రాంక్‌కేసు పగిలినా వెల్డింగుతో బతుకుతుందేమో ముందు చూడాలి.

తిరుగు ప్రయాణంలో ఇంజను, ట్యాంకు రైల్వే పార్సిల్‌లో వేస్తే ఆయిలూ పెట్రోలూ చుక్క లేకుండా వంచేసి, ట్యాంకును ఒక రోజు మూత తీసి ఆరబెట్టండి. వాసన వచ్చినా తీసుకోరు. కార్బ్యురేటరు, డైనమో, పిస్టన్ పార్సిల్‌లో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.