తేలియా రుమాల్ జాకెట్ ఉంచుకున్నా, ‘ఇకత్’ డ్రెస్ వెనక్కి పంపేశా

రెండు నెలల కిందట హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక చిన్న ఫ్యాషన్ లేబుల్ దగ్గర ఒక జాకెట్, ఒక డ్రెస్ కొన్నాను. మన చేనేత బట్టతో ఆఫీసుకీ బయటికీ వేసుకునే మోడ్రన్ బట్టలు కుడతారు. పేరు రాయడం లేదు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టారు, దిద్దుకునే టైమ్ ఉంది.

ముందు జాకెట్ గురించి. ధర 6,800, బట్ట పుట్టపాక ఊరి తేలియా రుమాల్, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే ఇకత్. మా అమ్మమ్మ వాళ్ళది ఆ చుట్టుపక్కలే, చౌటుప్పల్ దగ్గర ఊరు కాబట్టి ఆ బట్ట వెనక ఎంత చాకిరీ ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత పడుగుకీ (నిలువు నూలు) పేకకీ (అడ్డ నూలు) రెండింటికీ చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచుతారు, ఇక మగ్గం మీద ఆ రెండింటి డిజైనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, నూలు కాస్త జరిగినా పువ్వు చెదిరిపోతుంది. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. 2020లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా వచ్చింది.

ఇలాంటి బట్ట మీద కత్తెర పెట్టాలంటే ధైర్యం కావాలి. వీళ్ళు చాలా బాగా కత్తిరించారు. వీపు మధ్యలో ఒక గడి మొత్తం తెగకుండా వచ్చింది, అంచుని ముందు గుండీల పట్టీకి వాడారు, భుజాల దగ్గర కుట్టుకి అటూ ఇటూ గీతలు కలిశాయి. జేబు ఎక్కడుందో వెతుక్కోవాలి, అంత బాగా డిజైన్‌లో కలిపేశారు. లోపల మల్ కాటన్ (పల్చటి మెత్తటి నూలు బట్ట) లైనింగ్, చెమటకి అతుక్కోదు. పెట్టె తెరవగానే ఆ సన్నటి నూనె వాసన వచ్చింది, నాకైతే అమ్మమ్మ ఇల్లే గుర్తొచ్చింది. జీన్స్ మీద వేసుకుని ఆఫీసుకెళ్తే ముగ్గురు ఎక్కడ కొన్నావని అడిగారు.

డ్రెస్ దగ్గరే నాకు కోపం వచ్చింది. ధర 3,200. వెబ్‌సైట్‌లో ‘హ్యాండ్‌లూమ్ ఇకత్’ అని ఉంది. ఇంటికొచ్చాక లోపలివైపు తిప్పి చూస్తే రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది, అంటే ప్రింట్. నిజమైన ఇకత్‌లో నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కూడా కొంచెం చెదిరినట్టు ఉంటాయి. ఇందులో బ్లేడుతో గీసినట్టున్నాయి. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, “అది ఇకత్ ప్యాటర్న్ అక్కా, అందరూ అలాగే అంటారు కదా” అంది. అందరూ అంటే తప్పు ఒప్పైపోతుందా?

ప్రింట్ కొనడం తప్పని నేననడం లేదు, నా దగ్గరా ఉన్నాయి. ప్రింట్ అని చెప్పి అమ్మండి. ఒక పోచంపల్లి ఇకత్ చీరకి ఆసు పోయాలంటే, అంటే రంగు వేసేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి పేర్చాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారు ఆ భుజం నొప్పితో పడే బాధ చూడలేకే చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆసు పోసిన మా అమ్మమ్మకి ఆ యంత్రం అందలేదు, చివరి వరకూ కుడిచెయ్యి పైకెత్తలేకపోయింది. ఆ పని పేరుని మిషన్ మీద గంటల్లో అచ్చేసిన గుడ్డకి పెడితే, పక్కనే అసలు ఇకత్ నేసినవాళ్ళకి సరైన ధర ఎవరిస్తారు?

డ్రెస్ వాపసు తీసుకున్నారు, ఆరో రోజుకి డబ్బు పూర్తిగా వచ్చింది, వాదించలేదు. ఆ పేజీలో ఇప్పుడు ‘ఇకత్ ప్రింట్’ అని మార్చారు కూడా. కానీ నిన్న రాత్రి చూస్తే ఇంకో రెండు కుర్తీల కింద పాత మాటే ఉంది, వాటి గురించి మళ్ళీ మెసేజ్ పెట్టాను. జాకెట్ లోపలి ట్యాగ్ మీద ‘పుట్టపాక’ అన్న మాటే లేదు, లేబుల్ పేరు మాత్రం పెద్దగా ఉంది, ఊరి పేరు వెయ్యమని అదే మెసేజ్‌లో అడిగాను.

జాకెట్ కొనేవాళ్ళకి రెండు మాటలు: భుజాలు కొంచెం బిగువు, ఒక సైజు పెద్దది తీసుకోండి. మొదటిసారి చన్నీళ్ళలో విడిగా ఉతకండి, నాకైతే కొంచెం ఎరుపు దిగింది, రెండో ఉతుకుకి ఆగిపోయింది.