బైక్ మెకానిక్‌కి ఏది మేలు: పెద్ద సెట్టా, విడి పానాలా?

కొత్తగా షెడ్డు పెట్టుకునే కుర్రాళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టూల్స్ కొనడానికి వెళ్తే, చూపు ముందుగా పడేది 108 ముక్కల ప్లాస్టిక్ పెట్టె మీదే. అన్నీ ఒకేచోట ఉన్నాయి, ముక్కకి ఇంత అని లెక్కేస్తే చవకే అనిపిస్తుంది. సొంత బండికి ఎప్పుడో ఒకసారి చిన్న రిపేరు చేసుకునేవాళ్లకు అది చాలు. రోజూ పదిమంది బండ్లు విప్పేవాడు మాత్రం విడిగానే కొనాలని నేను గట్టిగా చెబుతాను.

మన దగ్గరికొచ్చే స్ప్లెండర్లు, షైన్‌లు, యాక్టివాల్లో ఎక్కువ పని 8, 10, 12, 14, 17 మి.మీ. సైజులతోనే నడుస్తుంది. ఉదాహరణకి 10 సైజునే చూడండి: టి స్పానర్ (టి ఆకారంలో పిడి ఉండే పానా), రింగ్ పానా, సాకెట్ మూడూ కావాలి, ఒక్కోసారి రెండేసి కావాలి. పెద్ద సెట్టులో 30, 32 సాకెట్లు, డజన్ల కొద్దీ బిట్లు ఉంటాయి కానీ టి స్పానర్ ఉండదు. ఇంజన్‌లోని మ్యాగ్నెట్‌ను ఊడలాగే పుల్లర్, క్లచ్ నట్టు విప్పే సాకెట్ లాంటివి మోడల్‌ని బట్టి ఎలాగూ విడిగా కొనాల్సిందే. సెట్టు మీద పెట్టే డబ్బులో కొంత వాటికి మిగిలితే పని ఆగదు. కార్ల పని చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పెద్ద సైజులు నిజంగా పడతాయి కాబట్టి మంచి కంపెనీ అర అంగుళం డ్రైవ్ (పిడి తగిలించే చదరం సైజు) సాకెట్ సెట్టు దండగ కాదు.

ఇక నాణ్యత. టపారియా లాంటి పేరున్న కంపెనీవి తీసుకోవాలా, పేరు లేనివి చాలా? బోల్టు తలను పట్టుకునే ప్రతి పనిముట్టూ మంచిదే కొనండి. నాసిరకం ఫిక్స్ పానాకి (నోరు తెరిచి ఉండే పానా) నోరు సాగుతుంది, బోల్టు అంచులు అరిగి గుండ్రమైపోతాయి. అల్యూమినియం ఇంజన్‌లో అలా ఇరుక్కున్న బోల్టును తీయడానికి పట్టే టైమూ, ఆ టెన్షనూ చూస్తే మంచి పానా ఖరీదు చిన్నదే. సాకెట్లలో పన్నెండు మూలలవాటికన్నా ఆరు మూలలవి అరిగిన బోల్టును బాగా పడతాయి. ఆయిల్ ట్రే, గరాటు, వైరు బ్రష్‌లు చవకవైనా ఏం కాదు.

టార్క్ రెంచ్ (బోల్టును లెక్క ప్రకారం ఇంతే అని బిగించే పానా) కొంటే చిన్నదే కొనండి. 10 పానా పట్టే మామూలు బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. కారు చక్రాల నట్లకు వాడే పెద్ద రెంచ్ అంత తక్కువకు దిగదు. పనయ్యాక దాన్ని కనిష్ఠ సెట్టింగుకి తిప్పి పెట్టాలి, లేకపోతే స్ప్రింగు దెబ్బతింటుంది.

పెట్టె విషయానికొస్తే, ఇళ్లకు వెళ్లి సర్వీసు చేసేవాళ్లకు రెండు వైపులా తెరుచుకునే అయిదు అరల ఇనప పెట్టెను మించింది లేదు. బరువే దాని లోపం. చక్రాల ట్రాలీ చూడ్డానికి బాగుంటుంది, కానీ గచ్చు నున్నగా లేని షెడ్డులో అది ఒక మూలనే ఉండిపోతుంది. సొంత షెడ్డుంటే నా ఓటు గోడమీది ప్లైవుడ్ బోర్డుకే. మేకులు కొట్టి, ఒక్కో పానా చుట్టూ మార్కరుతో గీత గీస్తే, సాయంత్రం షట్టరు దించేముందు ఏది తగ్గిందో చూడగానే తెలిసిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం గాలి తగిలే ఊళ్లలో అయితే వాటిని వారానికోసారి ఆయిల్ గుడ్డతో తుడవాలి. ఏ పెట్టె కొన్నా తాళం వేసే కొక్కెం ఉన్నదే తీసుకోండి.