హనుమకొండ ఇంట్లో స్పాంజి ఫిల్టరు: ఆరేళ్ల వాడకం తరువాత

మా ముందుగదిలో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టి ఒకటి ఉంది. అడుగున పరిచిన గులకరాళ్లు పోగా అందులో దాదాపు 110 లీటర్ల నీళ్లు పడతాయి. నాలుగు ఏంజెల్ చేపలు, పది మోలీలు అందులో ఉంటున్నాయి. ఆరేళ్లుగా ఈ తొట్టి ఒక చిన్న ఎయిర్ పంపు, దానికి గొట్టాలతో తగిలించిన రెండు స్పాంజి ఫిల్టర్ల మీదే నడుస్తోంది. పంపు నుంచి వచ్చే గాలి బుడగలు పైకి లేస్తూ తొట్టి నీళ్లను స్పాంజి గుండా లాగుతాయి. కొన్ననాడు అన్నీ కలిపి ఏడు వందల రూపాయలు కూడా కాలేదు. చేపలకు రోగం రాకుండా చూడటంలో నేను కొన్న మందు సీసాలన్నిటికంటే ఈ నల్లని స్పాంజి ముక్కలే ఎక్కువ పని చేశాయని నా అభిప్రాయం. అయితే ఇవి చేతులెత్తేసిన సందర్భాలూ ఉన్నాయి.

తొట్టి పెట్టిన కొత్తలో నర్సంపేట వైపు నుంచి వచ్చిన మా పెద్దబాపు దీన్ని చూసి, "పాకాల చెరువుల చేపలకు ఎవలు మోటరు పెట్టిండ్రు బిడ్డా?" అని నవ్వారు. ఆ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. కాకతీయుల నాటి ఆ చెరువులో చేపల విసర్జనను అడుగున ఉన్న బురద, నాచు, మొక్కలు, కంటికి కనబడని సూక్ష్మజీవులు ఎప్పటికప్పుడు అరిగించుకుంటాయి, పైగా చేపకు దక్కే నీటికి కొదవ లేదు. నా తొట్టిలో ఒక్కో చేప వాటాకు వచ్చేది ఎనిమిది లీటర్లు మాత్రమే. ఆయన ఎరిగిన చేప కొర్రమీను కావడం మరో సంగతి. అది నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలదు కనుక బజారులో బకెట్ అడుగున కాసిన్ని నీళ్లున్నా బతుకుతుంది. ఏంజెల్‌కు ఆ వెసులుబాటు లేదు.

స్పాంజి చేసే అసలు పని చెత్తను పట్టుకోవడం కాదు. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, మరో జాతి దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషాలు. మూడోది వారం వారం నీళ్లు మార్చితే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియాకు నిలవడానికి చోటు, పీల్చడానికి ప్రాణవాయువు కావాలి, స్పాంజి రంధ్రాలలో ఆ రెండూ దొరుకుతాయి. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజునే చేపలను కూడా సంచిలో కట్టి ఇచ్చే అలవాటు మన దుకాణాలలో ఉంది కనుక, మొదటి నెలలో చేపలు చనిపోవడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం. నా మొదటి గోల్డ్ ఫిష్‌లు రెండూ అలాగే పోయాయి.

రెండో తప్పు పూర్తిగా నాదే. స్పాంజి మురికిగా కనబడిందని ఒక ఆదివారం నల్లా కింద పెట్టి, తెల్లనీళ్లు వచ్చేదాకా పిండి కడిగాను. మూడో రోజుకు చేపలన్నీ నీటిపైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. నల్లా నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపేసిందని అప్పటికి తెలియదు. అమ్మోనియాను చూపే చుక్కల టెస్ట్ కిట్ ఆ తరువాతే కొన్నాను; అందులో నీళ్లు పసుపు రంగులో నిలిస్తే మంచిది, ఆకుపచ్చకు తిరిగేకొద్దీ ప్రమాదం. ఇప్పుడు తొట్టిలోంచి తోడిన పాత నీళ్లను బకెట్‌లో పోసుకుని, స్పాంజిని అందులోనే నాలుగైదుసార్లు పిండుతాను. రెండింటినీ ఒకే రోజు ముట్టుకోను. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి.

మా నీళ్ల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష ఇక్కడివారికి పూర్తిగా ఉపయోగపడదు. మా బోరు నీళ్లు గట్టివి, బకెట్ అంచున తెల్లని పొర కడతాయి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర ఉంటుంది. మోలీలకు ఇలాంటి నీళ్లు బాగా సరిపోతాయి. కానీ అమ్మోనియా విషయంలో ఇది కీడు చేస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు, పీహెచ్ 8 దగ్గర అది ఐదు పాళ్లు దాటుతుంది. అందువల్ల ఇతర ప్రాంతాలవారు పట్టించుకోని కొద్దిపాటి అమ్మోనియా కూడా మా తొట్టిలో చేప మొప్పలను కాలుస్తుంది. నల్లా నీళ్లు వాడే వారాల్లో క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ కలుపుతాను. వెనుకటి ఫోటో స్టూడియోలవారు హైపో అని పిలిచినది ఇదే పదార్థం.

వేసవిలో ఈ ఫిల్టరు విలువ బాగా తెలుస్తుంది. మే నెలలో బయట ఎండ 43 డిగ్రీలు దాటిన రోజుల్లో మా తొట్టి నీళ్లు 32 డిగ్రీల దాకా వేడెక్కాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు నిలిస్తే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే నిలుస్తుంది. స్పాంజి ఫిల్టరు నుంచి వచ్చే బుడగలు నీటిపైన పగులుతూ ఉపరితలాన్ని కదిలించడం వల్ల గాలి కలుస్తూనే ఉంటుంది. బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేరే అవసరం నాకు రాలేదు. మూత తీసి ఫ్యాను గాలి నీటిపై పడేలా పెడితే రెండు డిగ్రీల వరకు తగ్గుతుంది. అలా ఆవిరైన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తే లవణాలు పేరుకుంటాయి కనుక ఆర్‌ఓ నీళ్లు పోస్తాను.

కరెంటు పోవడం ఇంకో పరీక్ష. ఈదురుగాలుల సాయంత్రాలలో మూడు నాలుగు గంటలు పోయినా స్పాంజిలోని బ్యాక్టీరియా బతికే ఉంటుంది, ఎందుకంటే అది మూసిన డబ్బా ఫిల్టరులోలా కాక తొట్టి నీళ్ల మధ్యనే ఉంటుంది. పంపును మాత్రం నీటిమట్టానికి పైన పెట్టాలి, లేదా గాలి గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వ్ బిగించాలి. నేను స్టాండు కింద పెట్టిన మొదటి వానకాలంలో కరెంటు పోగానే నీళ్లు గొట్టం గుండా వెనక్కి జారి, తెల్లవారేసరికి పంపు పాడై, గది తడిసి ఉంది. పది రూపాయల వాల్వ్ గురించి పంపు పెట్టె మీద ఒక్క మాటైనా రాసి ఉండాల్సింది.

ఇక తెల్లమచ్చ రోగం. మూడో ఏట డిసెంబరులో రాత్రిపూట నీళ్లు 20 డిగ్రీలకు పడిపోయిన వారంలో, కొత్తగా తెచ్చి నేరుగా తొట్టిలో వదిలిన రెండు మోలీల మీద దొడ్డు ఉప్పు చల్లినట్లు మచ్చలు కనిపించాయి. ఇది బూజు కాదు, చర్మం కింద దాక్కునే ఏకకణ పరాన్నజీవి. చేప మీద ఉన్నంతకాలం దానికి మందు తగలదు. ఎదిగాక రాలి, అడుగున గూడు కట్టి, వందల పిల్లలుగా విడిపోతుంది. అవి కొత్త చేప కోసం ఈదే దశలోనే మందుకు చస్తాయి. చలి నీళ్లలో ఈ చక్రం వారాల తరబడి సాగుతుంది, 30 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో ముగుస్తుంది. మచ్చలు మాయమయ్యాయని మందు ఆపేయడమే చాలామంది చేసే పొరపాటు, మొదటిసారి నేనూ అదే చేశాను, వారానికి మళ్లీ వచ్చాయి. రెండోసారి 100 వాట్ల హీటరుతో రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30కి పెంచి, రోజు విడిచి రోజు నీళ్లు మార్చి మందు వేస్తూ, చివరి మచ్చ పోయాక మరో వారం కొనసాగించాను. రెండు చేపలు పోయాయి, మిగిలినవి దక్కాయి.

ఆనాటి నుంచి ఏ కొత్త చేపనూ నేరుగా తొట్టిలో వదలలేదు. 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో మూడు వారాలు వేరుగా ఉంచుతాను. ఇక్కడే స్పాంజి ఫిల్టరు నాకు మరే ఫిల్టరూ చేయలేని మేలు చేసింది. పెద్ద తొట్టిలో నడుస్తున్న రెండింటిలో ఒకటి తీసి టబ్బులో పెడితే, అప్పటికే పండిన బ్యాక్టీరియాతో ఆ టబ్బు అదే గంటలో సిద్ధమవుతుంది. మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు వేయాల్సి వస్తే మాత్రం స్పాంజి పెట్టకూడదు. అది బ్యాక్టీరియాను చంపి, స్పాంజిని నీలిరంగు చేస్తుంది. అప్పుడు ఉత్త గాలి గొట్టం వేసి రోజూ సగం నీళ్లు మార్చుకోవడమే మార్గం. రోగమున్న చేప దగ్గర నడిచిన స్పాంజిని నేను తిరిగి పెద్ద తొట్టిలో పెట్టను, పారేస్తాను.

తోక, రెక్కలు కుళ్లడం ఈ ఆరేళ్లలో రెండుసార్లే చూశాను, రెండుసార్లూ ఊరికి పోయి నీళ్లు మార్చని వారాల తరువాతే. లీటరుకు రెండు గ్రాముల ఉప్పు, శుభ్రమైన నీళ్లతోనే తగ్గింది. జలోదరం దగ్గర మాత్రం ఏదీ పని చేయలేదు. ఐదో ఏట నా పెద్ద ఏంజెల్ పొట్ట ఉబ్బి, పొలుసులు సీతాఫలం తొక్కలా విచ్చుకున్నాయి. అలా విచ్చుకునేసరికే లోపలి అవయవాలు దెబ్బతిని ఉంటాయి. నాలుగు రోజులకు చనిపోయింది. నీటి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. ఇప్పుడున్న నాలుగోది దాని స్థానంలో తెచ్చినదే.

వస్తువుగా చూస్తే లోపాలు లేకపోలేదు. పంపు రాత్రిపూట గుయ్‌మంటుంది. కింద మడిచిన పాత తువాలు వేస్తే సగం తగ్గింది. లోపల గాలిని నెట్టే రబ్బరు పొర (డయాఫ్రమ్) ఏడాదిన్నరకొకసారి గట్టిపడి చిరుగుతుంది కనుక ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. గట్టి నీళ్ల వల్ల గాలి వచ్చే మూతి దగ్గర సున్నం పేరుకుని బుడగలు సన్నబడతాయి, వెనిగర్‌లో గంట నానబెట్టి కడిగితే పోతుంది. అడుగున పడిన చెత్తను ఇది లాగదు, సైఫన్ గొట్టంతో మనమే తీయాలి. గోల్డ్ ఫిష్ పెంచేవారికి ఈ సైజు తొట్టిలో రెండు స్పాంజిలు చాలవు, అవి అంత మురికి చేస్తాయి. నాలుగేళ్లకు మెత్తబడి కుంగిపోయిన మొదటి స్పాంజిని తీసేముందు, కొత్తదాన్ని దాని పక్కనే నెలన్నర నడిపించాను. అమ్మోనియా చుక్కలు ఒక్కరోజూ రంగు మారలేదు.