ఎనిమిదేళ్లు వాడాక: యూట్యూబ్‌లో హిస్టరీ పేజీ విలువ

యూట్యూబ్‌లో ఏముంటుందో అందరికీ తెలుసు. మనం చూసిన వీడియోలన్నీ వరసగా ఉండే, ఎవరూ పట్టించుకోని హిస్టరీ పేజీ గురించే రాస్తున్నా, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

కిందికి జరుపుకుంటూ పోతే మన చూపు ఎక్కడ ఎటు మళ్లిందో కనబడుతుంది. అనంతపురం ఖాతా కదా, అట్టడుగున శెనక్కాయ తిక్క (ఆకుమచ్చ) తెగులుకు మందులు. వాటి పైన బోరు పాయింట్లు, ఆపైన భూమిలో నీళ్లు పారే తీరు. అక్కణ్నుంచి బెలుం గుహలు, సున్నపురాతిని నీళ్లు తొలిచిన 3,229 మీటర్ల దారి. ఇప్పుడు గండికోట కాడ పెన్న కోసిన లోయ. తెగులు మందులు తప్ప తక్కినవేవీ వెతికి చూసినవి కావు, పక్కన కనబడితే నొక్కినవి.

ఆ నొక్కుడుతోనే చెడేది కూడా. అరచేతిలో టెంకాయ పెట్టి బోరుకు నీళ్లెక్కడున్నాయో చెప్పే వీడియోలు రెండు చివరిదాకా ఆడాయంటే హోం పేజీ నిండా అవే. 2012 నుంచి నొక్కుల కన్నా చూసిన సమయానికే ఎక్కువ విలువ, నమ్మకం లేకుండా చూసినా ఆ నిమిషాలు లెక్కలోకి పోతాయి. అప్పుడు యాప్ అడుగున "మీరు", తర్వాత హిస్టరీ, ఆ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి తీసేయాలి. వెతికిన మాటల జాబితా వేరే ఉంటుంది, అందులోనూ తీయాలి. రెండు మూడు రోజుల్లో హోం పేజీ సర్దుకుంటుంది. ఇంత తేలిగ్గా కుదురుతుందని నేను అనుకోలేదు.

పండక్కొచ్చిన పిల్లోళ్లు అదే ఖాతాతో టీవీలో రెండు రోజులు కార్టూన్లు చూసిపోతే ఒక్కొక్కటీ ఏరక్కర్లేదు. హిస్టరీ మొత్తాన్ని నిర్వహించే చోట డిలీట్ నొక్కి తేదీలిస్తే ఆ రెండు రోజులవీ పోతాయి, వాటితోపాటు మీరు చూసినవి కూడా. ముందే టీవీలో గెస్ట్‌గా పెట్టడం మేలు. విసుగొచ్చి అంతా తుడిచి హిస్టరీ ఆపేయొద్దు, 2023 ఆగస్టు నుంచి అలా చేస్తే హోం పేజీ ఖాళీగా వస్తోంది. కొత్త ఖాతాలైతే 36 నెలలు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా ఉంటాయి, పాతవి కావాలంటే ఆటో డిలీట్ ఆపుకోండి.

చూపు మళ్లిన తీరు కనబడుతుందన్నాను గానీ, అంతా కనబడదు. నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఎంత ఇష్టమైనా ఏడాదికి రెండుసార్లు చూస్తే ఎక్కువ, అది అడుగున పడిపోతుంది. అలాంటి ఛానెళ్లకు సబ్‌స్క్రయిబ్ చేసి గంట గుర్తు నొక్కి పెట్టుకోవాల్సిందే. నా ఫోను నేనొక్కణ్నే వాడతాను కాబట్టి ఈ పేజీ నాకు పనికొచ్చింది. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా ఉంటే ముందు ఖాతాలు వేరు చేసుకోండి.