విన్‌ఫామ్స్ కంట్రోల్స్ అన్నిటికీ ఒకే కోడ్: ఏళ్లు వాడాక నా మాట

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాలు (కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టేవి) వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను చూసుకోవడం నా పని. రాసింది సీషార్ప్ భాషలో, స్క్రీన్లు విన్‌ఫామ్స్‌తో, అంటే విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనంతో. పాతబడిందని కొత్త కుర్రాళ్లు నవ్వుతారు గానీ, మిర్చి సీజన్‌లో నెట్ ఉన్నా లేకున్నా నడవాలి కాబట్టి దుకాణదారులు దీన్ని వదలరు. అందులో చాలాకాలంగా నేను వాడుతున్న ఒక పద్ధతి మీద ఈ సమీక్ష. ఒకేలా కనిపించే కంట్రోల్స్‌కు (స్క్రీన్ మీది బాక్సులు, బటన్లు) కామన్ ఇంటర్‌ఫేస్, అంటే అన్నీ ఒప్పుకునే ఆదేశాల జాబితా, లేనప్పుడు మనమే చిన్నది ఒకటి రాసుకుని, ఒక్కో రకానికి ఆ ఆదేశాలను దాని భాషలోకి మార్చే అడాప్టర్ క్లాస్ ఒకటి తొడగడం.

అవసరం ఎక్కడ వచ్చిందంటే, తక్‌పట్టీ (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింట్ అయ్యాక స్క్రీన్ మీద ఏదీ మారకూడదు. రైతు పేరు టెక్స్ట్‌బాక్స్‌లో, బస్తాల లెక్క న్యూమరిక్‌అప్‌డౌన్‌లో, సరుకు రకం కాంబోబాక్స్‌లో, తేదీ డేట్‌టైమ్‌పికర్‌లో ఉంటాయి. హమాలీ కట్ చేయాలా వద్దా అనేది చెక్‌బాక్స్. అన్నిటికీ ఒకే మాట చెప్పాలి: లాక్ అవ్వు. వీటన్నిటికీ మూలమైన బేస్ క్లాస్ పేరు కంట్రోల్; అందులో ఎనేబుల్డ్ (పనిచేయాలా వద్దా) అనే ప్రాపర్టీ ఉంది గానీ రీడ్‌ఓన్లీ (చూడొచ్చు, మార్చొద్దు) లేదు. ఎనేబుల్డ్ తీసేస్తే అక్షరాలు బూడిద రంగుకు తిరుగుతాయి. ఎండ నేరుగా పడే దుకాణంలో గుమస్తాకు అంకెలు కనబడవు.

నాకన్నా ముందు పనిచేసినాయన దీన్ని రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ప్రాపర్టీని పేరుతో వెతికి, కానిచ్చేశారు. రీడ్‌ఓన్లీ అనే పేరుతో ప్రాపర్టీ ఉంటే ట్రూ పెట్టు, లేకపోతే ఎనేబుల్డ్ తీసెయ్. కోడ్ నాలుగు లైన్లే, చూడ్డానికి ముద్దుగా ఉంది. గొడవంతా న్యూమరిక్‌అప్‌డౌన్ దగ్గర. దానికీ రీడ్‌ఓన్లీ ఉంది, కానీ అది ఆపేది టైపింగ్‌నే. పక్కనున్న బాణం నొక్కితే అంకె మామూలుగానే మారుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. "ఏంది సార్ ఇది, పట్టీల 40 బస్తాలున్నయి, ఈడ 41 చూపెడ్తుంది" అని రైతు ఎదురుగా కూర్చున్నప్పుడు అడ్తిదారు ఫోన్ చేస్తే ఏం చెప్తాం?

అందుకే పేర్లను నమ్మడం మానేసి, మనకు కావలసిన పనికి ఇంటర్‌ఫేస్ రాశాను. అందులో లాక్, అన్‌లాక్, విలువ మారిందని చెప్పే ఈవెంట్, అంతే. న్యూమరిక్‌అప్‌డౌన్ అడాప్టర్ రీడ్‌ఓన్లీతో పాటు ఇంక్రిమెంట్‌ను (బాణం నొక్కినప్పుడల్లా మారే అంత) సున్నా చేసి, దాని పాత విలువను అన్‌లాక్ కోసం దాచుకుంటుంది. చెక్‌బాక్స్‌కు ఆటోచెక్ ఫాల్స్ చేస్తే చాలు, నొక్కినా టిక్కు కదలదు, రంగూ మారదు. టెక్స్ట్‌బాక్స్, రిచ్‌టెక్స్ట్‌బాక్స్, మాస్క్‌డ్‌టెక్స్ట్‌బాక్స్ మూడూ టెక్స్ట్‌బాక్స్‌బేస్ పిల్లలే కాబట్టి ఒక్క అడాప్టర్‌తో పోయాయి. ఏ కంట్రోల్‌కు ఏ అడాప్టర్ అనేది ఒకే స్విచ్‌లో ఉంది. 2017లో సీషార్ప్ 7 వచ్చాక స్విచ్‌లో నేరుగా టైప్ చూసి విడదీయొచ్చు, అంతకుముందు ఇఫ్‌ల వరసే. తెలియని కంట్రోల్ వస్తే డిఫాల్ట్‌లో ఎక్సెప్షన్ విసరాలి, అంటే ఎర్రర్‌తో ఆపేయాలి. ఊరుకుంటే మళ్లీ ఆ 41 బస్తాల కథే.

ఒక చిక్కు చెప్పాలి. ఫామ్‌లోని కంట్రోల్స్ అన్నిటినీ రికర్షన్‌తో (ఒక్కోదాని లోపలి కంట్రోల్స్‌లోకీ దిగుతూ) తిరిగితే న్యూమరిక్‌అప్‌డౌన్ లోపలికీ దిగుతాం, అక్కడ దాని సొంత టెక్స్ట్‌బాక్స్ ఒకటి కూర్చుని ఉంటుంది. అడాప్టర్ దొరికిన చోట రికర్షన్ ఆపేయాలి.

2010లో సీషార్ప్ 4తో వచ్చిన డైనమిక్‌నూ (టైప్ చూడకుండా, నడిచేటప్పుడే పేరును వెతికేది) వాడుతున్నాను, కానీ ఒక్కచోటే. గుమస్తా లాగిన్‌లో డిలీట్ బటన్ కనబడకూడదు. మామూలు బటన్ కంట్రోల్ నుంచి వస్తే, టూల్‌బార్‌లో ఉండే టూల్‌స్ట్రిప్‌బటన్ టూల్‌స్ట్రిప్‌ఐటమ్ నుంచి వస్తుంది. రెండిటికీ విజిబుల్ ఉంది, కానీ అది ఉన్న కామన్ బేస్ క్లాస్ లేదు. అక్కడ డైనమిక్ హాయిగా నడిచింది. అంతకుమించి పాకనిస్తే టెన్షనే. స్పెల్లింగ్ తప్పితే కంపైలర్ పట్టుకోదు, కస్టమర్ పట్టుకుంటాడు.

టైప్‌స్క్రిప్ట్ రాసే మిత్రుడు ఒకాయన, "మాకు ఆకారం సరిపోతే చాలు, ఈ తిప్పలే లేవు" అంటాడు. ఆకారం అంటే కావలసిన పేర్లతో ప్రాపర్టీలు ఉండటం. ఆకారం న్యూమరిక్‌అప్‌డౌన్‌కూ సరిపోయింది కదా! అసలు కడుపుమంట మైక్రోసాఫ్ట్ మీద. డాట్‌నెట్ 2.0లో వెబ్‌ఫామ్స్‌కు (వెబ్ పేజీల కోసం ఇచ్చిన సాధనం) ఐటెక్స్ట్‌కంట్రోల్, ఐచెక్‌బాక్స్‌కంట్రోల్ అని ఇంటర్‌ఫేస్‌లు ఇచ్చి, విన్‌ఫామ్స్‌లో చెక్‌బాక్స్‌కూ రేడియోబటన్‌కూ చెక్డ్ కోసం ఒక్కటీ ఇవ్వలేదు.

లోపాలూ ఉన్నాయి. ఫైళ్లు పెరుగుతాయి, డీబగ్ చేసేటప్పుడు ఒక మెట్టు ఎక్కువ దిగాలి. కొత్తగా చేరినవాళ్లు ఆ ఇంటర్‌ఫేస్‌లోకి ఫాంట్, రంగు, టూల్‌టిప్ అన్నీ కుక్కాలని చూస్తారు, నేను ఒప్పుకోను. రెండు మూడు కంట్రోల్సే ఉన్న చిన్న ఫామ్‌కైతే ఇదంతా దండగ, నేరుగా రాసుకోండి.

కాంబోబాక్స్‌కు, డేట్‌టైమ్‌పికర్‌కు రీడ్‌ఓన్లీ లేనే లేదు. వాటి అడాప్టర్లు లాక్ కాగానే అసలు కంట్రోల్‌ను దాచి, అదే చోట అదే కొలతతో రీడ్‌ఓన్లీ టెక్స్ట్‌బాక్స్ పెడతాయి. ఫామ్ సైజు మార్చినప్పుడు అది పక్కకు జరగకుండా యాంకర్ (ఫామ్ అంచులకు కట్టిపెట్టే ప్రాపర్టీ) కూడా కాపీ చేయడం మరిచిపోకండి.