ఎల్‌పీటీ పోర్టున్న హెచ్61 డెస్క్‌టాప్: ఏళ్ల తరబడి వాడాక

ఐ3 2120 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్. 2012లో షాపు కోసం అసెంబుల్ చేయించిన పెట్టె. వీటి స్పీడు సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వెనక ప్యానెల్ మీదున్న 25 రంధ్రాల ప్యారలల్ పోర్టు గురించి. పాత ప్రింటర్ల కేబుల్ తగిలించేది, దాన్నే ఎల్‌పీటీ అంటారు. ఈ సిస్టమ్ ఇంకా మా కౌంటర్ మీద ఉందంటే ఆ పోర్టు వల్లే.

మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్. బిల్లింగ్ అంతా ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న డాస్ (విండోస్‌కి ముందు కాలం నాటి సిస్టమ్) ప్రోగ్రామ్‌లోనే. ఐటమ్ కోడ్ కొట్టుకుంటూ పోతే మౌస్ ముట్టకుండానే బిల్లు తయారవుతుంది. డాట్ మ్యాట్రిక్స్‌లో కార్బన్ కాపీలతో ఒకే దెబ్బకు దిగుతుంది: పార్టీకొకటి, ట్రాన్స్‌పోర్టుకొకటి, మాకొకటి. లేజర్ ప్రింటర్ అయితే అదే బిల్లు మూడుసార్లు తీయాలి. సీజన్‌లో కౌంటర్ దగ్గర మెకానిక్కులు నిలబడి ఉంటే ఆ తేడా ఎంతో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఆ ప్రోగ్రామ్‌కి ప్రింటర్ అంటే ఎల్‌పీటీ1, అంటే మొదటి ప్యారలల్ పోర్టు, ఒక్కటే. యూఎస్‌బీని ప్యారలల్‌గా మార్చే కేబుల్ కూడా వాడి చూశాం. విండోస్ దాన్ని యూఎస్‌బీ ప్రింటర్‌గానే చూస్తుంది, ఎల్‌పీటీ1గా చూపించదు. ప్రింటర్‌ని షేర్ చేసి కమాండ్‌తో అటు మళ్లించొచ్చు గానీ, బోర్డు మీదే పోర్టు ఉంటే ఆ తిప్పలేవీ ఉండవు.

అంత నమ్మకంగా నడిచిన పెట్టె ఒక పొద్దున మొండికేసింది. రాత్రంతా కరెంటు లేదు, యూపీఎస్ కూడా దిగిపోయింది. పొద్దున ఆన్ చేస్తే విండోస్ లోగో దాకా వచ్చి నీలి స్క్రీన్, చివర 7బి అనే కోడ్. మళ్లీ ఆన్ చేసినా అంతే. సర్వీసు కుర్రాడు వచ్చి హార్డ్‌డిస్క్ పోయిందన్నాడు. బోర్డు కూడా పాతదే కాబట్టి కొత్త సిస్టమ్ తీసుకోమన్నాడు. కొత్త సిస్టమ్ అంటే 64 బిట్ విండోస్. అందులో మా డాస్ ప్రోగ్రామ్ నేరుగా తెరుచుకోదు. ఆ రోజంతా చేత్తోనే బిల్లులు రాశాం.

సాయంత్రం పక్క షాపులో ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి, తారీఖు ఎంత చూపిస్తోందో చూడమన్నాడు. బోర్డు సెట్టింగులుండే బయోస్ స్క్రీన్‌లోకి వెళితే 2011 జనవరి ఒకటి. మీటరు పెట్టి చూస్తే, కరెంటు లేనప్పుడు ఆ సెట్టింగుల్ని కాపాడే, 3 వోల్టులు ఉండాల్సిన బటన్ సెల్ 2కి కూడా అందలేదు. సెల్ చచ్చిపోవడంతో బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చేశాయి. డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతులు రెండు: పాతది ఐడీఈ, కొత్తది ఏహెచ్‌సీఐ. మా విండోస్ ఐడీఈ మోడ్‌లో ఎక్కించింది, బోర్డు డిఫాల్టు ఏహెచ్‌సీఐ. నీలి స్క్రీన్‌కి కారణం అదే, డిస్క్‌కి ఏమీ కాలేదు. సీఆర్2032 సెల్ కొత్తది వేసి, తారీఖు సరిచేసి, మోడ్ ఐడీఈకి మార్చగానే విండోస్ వచ్చింది. ప్యారలల్ పోర్టు సెట్టింగు కూడా పాత మోడ్‌కి తెచ్చాక బిల్లు ఎప్పటిలా దిగింది. ఆ బాబాయ్‌కి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

అప్పటి నుంచి బయోస్ స్క్రీన్లన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. పాత బోర్డు వాడేవాళ్లు ఎవరైనా ఇవాళే ఆ పని చేయండి.

తిప్పలు లేవన్నాను గానీ, వేరే లోట్లున్నాయి. డాస్ ప్రోగ్రామ్ కోసం 32 బిట్ విండోస్ 7 మీదే ఉండాల్సి వస్తోంది. అది 4 జీబీకి మించి వాడుకోలేదు కాబట్టి ర్యామ్ పెంచినా లాభం లేదు. ఆ విండోస్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరిలోనే ఆగిపోయింది. అందుకే నెట్ కేబుల్ పీకేశాను. జీఎస్టీ రిటర్నులకీ మెయిల్‌కీ వేరే ల్యాప్‌టాప్ ఉంది. అది లేకపోతే ఈ ఒక్క పెట్టెతో వ్యాపారం నడవదు. చిప్‌సెట్‌లో డిస్క్ తగిలించే సాటా లైను వేగం కూడా సెకనుకు 3 గిగాబిట్‌లే, ఎస్‌ఎస్‌డీ పెట్టినా దాని పూర్తి వేగం అందదు. అయినా బిల్లింగ్‌కి అంత అవసరం రాలేదు.

ఇంట్లో పిల్లల చదువుకో, వీడియోలకో అయితే ఇది కొనమని నేను చెప్పను. మాలాగా డాస్ బిల్లింగ్, కార్బన్ స్టేషనరీ వదులుకోలేని షాపులకైతే సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చు. కొనేటప్పుడు వెనక పోర్టు కనబడకపోతే బోర్డు మీద ఎల్‌పీటీ అని రాసున్న పిన్నుల వరస ఉందేమో చూడండి. ఉంటే ఆ పిన్నుల నుంచి పోర్టుని వెనక ప్యానెల్‌కి తెచ్చే బ్రాకెట్ కేబుల్ తగిలించుకుంటే సరిపోతుంది. పిన్నుల అమరిక మాత్రం ఆ బోర్డుకి సరిపోయేదే అడగండి, అన్నీ ఒకేలా ఉండవు.