రెట్రోఆర్క్: ఆరేళ్లు వాడాక సిస్టమ్ ఫోల్డర్, ప్లేలిస్టుల సంగతి

అక్క పెళ్లయిన కొత్తలో బావ అమెరికా నుంచి ఒక ప్లేస్టేషన్ తెచ్చాడు. 110 వోల్టుల మిషన్ కాబట్టి ఇటుకంత బరువున్న కన్వర్టర్‌కి తగిలించి ఆడేవాళ్లం. దాంతోపాటు వచ్చిన డిస్కుల్లో నేను ఎక్కువ ఆడింది గ్రాన్ టురిస్మో 2 అనే కార్ల రేసు గేమ్. కొన్నేళ్లకు మిషన్ లెన్స్ పోయింది, డిస్కులు మాత్రం అట్టపెట్టెలో మిగిలాయి. 2019లో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి మళ్లీ ఆడాలనిపించి రెట్రోఆర్క్ వేసుకున్నాను. అప్పటినుంచి విండోస్ లాప్‌టాప్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో, లైనక్స్ వేసిన ఒక పాత డెస్క్‌టాప్‌లో దాన్నే వాడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎమ్యులేటర్ అంటే పాత మిషన్‌లా నటిస్తూ దాని గేమ్‌లను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్. రెట్రోఆర్క్ దానంతటది ఎమ్యులేటర్ కాదు. 2010లో ఎస్‌ఎస్‌ఎన్‌ఈఎస్ అనే పేరుతో మొదలై 2012లో ఈ పేరు పెట్టుకున్న ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. ఒక్కో పాత మిషన్‌కి ఒక్కో 'కోర్' ఉంటుంది, కోరే అసలు ఎమ్యులేటర్. మెనూ, జాయ్‌స్టిక్ సెట్టింగ్స్, సేవ్ చేయడం, బొమ్మ చూపించడం లాంటి పనులన్నీ రెట్రోఆర్క్ చూసుకుంటుంది. ప్రకటనలు లేవు, డబ్బులు అడగదు. గేమ్ నడిచే తీరు మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. ఈ ఆరేళ్లలో నేను పడిన కష్టమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ ప్రోగ్రామ్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌లోకి చూస్తోంది? దానికి జవాబు దొరికిన రోజు నుంచి నాకు టెన్షన్ లేదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఫోల్డర్ల గురించే.

మొదట సిస్టమ్ ఫోల్డర్. కొన్ని మిషన్లకు గేమ్ ఒక్కటే సరిపోదు, ఆ మిషన్‌లో పుట్టుకతో ఉండే బయోస్ ఫైల్ కూడా కావాలి. అది మిషన్ తయారు చేసిన కంపెనీ సొత్తు కాబట్టి రెట్రోఆర్క్‌తో రాదు, రాకూడదు కూడా. నేను మా పాత మిషన్ నుంచే, ఆ పని తెలిసిన ఒకాయన చేత తీయించుకున్నాను. మెమొరీ కార్డులో ఉన్నదాన్ని కూడా ఒక ఫైల్‌గా కాపీ చేసి ఇచ్చాడు. దాని సంగతి చివర్లో చెబుతాను.

ప్లేస్టేషన్‌కి నేను వాడేది బీటిల్ పీఎస్‌ఎక్స్ కోర్. అది జపాన్ గేమ్‌లకు ఎస్‌సీపీహెచ్‌5500, అమెరికా గేమ్‌లకు ఎస్‌సీపీహెచ్‌5501, యూరప్ గేమ్‌లకు ఎస్‌సీపీహెచ్‌5502 అనే పేర్లున్న బిన్ ఫైళ్ల కోసం వెతుకుతుంది. పేరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఉన్నదున్నట్టుగా ఉండాలి. ఒక్కో ఫైల్ సరిగ్గా 512 కేబీ, అంటే 524288 బైట్లు. సైజు అంతకన్నా తక్కువో ఎక్కువో ఉంటే ఆ ఫైల్ తేడా అని అక్కడే తెలిసిపోతుంది.

మొదటి వారం నా ఫైల్ సరైనదే, పెట్టిన చోటు సరైనదే, అయినా గేమ్ మొదలయ్యేది కాదు. స్క్రీన్ నల్లబడి మళ్లీ మెనూ వచ్చేది. కోర్ మార్చాను, డిస్క్ మళ్లీ కాపీ చేశాను. చివరికి చూస్తే విండోస్ ఫైళ్ల ఎక్స్‌టెన్షన్, అంటే పేరు చివర చుక్క తర్వాత ఉండే ముక్క, దాచిపెట్టి చూపిస్తోంది. నేను పేరు మారుస్తూ చివర 'డాట్ బిన్' అని టైప్ చేశాను, అప్పటికే అక్కడ కనపడకుండా ఒక డాట్ బిన్ ఉంది. అసలు పేరు రెండు డాట్ బిన్‌లతో తయారైంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఎక్స్‌టెన్షన్లు కనపడేలా టిక్ పెట్టడం ఈ పనిలో దిగేవాళ్లు అన్నిటికన్నా ముందు చేయాలి.

ఇంకో మంచి అలవాటు, ఊహించుకోకుండా రెట్రోఆర్క్‌నే అడగడం. కోర్ లోడ్ చేశాక మెయిన్ మెనూలో ఇన్ఫర్మేషన్, అందులో కోర్ ఇన్ఫర్మేషన్ తెరవండి. ఆ కోర్‌కి ఏ ఫైళ్లు కావాలో, వాటిలో ఏవి తప్పనిసరో, ఏవి లేకపోయినా నడుస్తుందో, ప్రస్తుతం ఫోల్డర్‌లో ఏవి దొరికాయో వరుసగా రాసి ఉంటుంది. ఉదాహరణకు గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి వాడే ఎంజీబీఏ కోర్‌కి బయోస్ ఉంటే మంచిదే, లేకపోయినా ఆడుకోవచ్చు. ఈ పేజీ ఉందని మొదట్లోనే తెలిసుంటే నాకు ఒక వారం మిగిలేది.

ఆ ఫోల్డర్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే సెట్టింగ్స్‌లో డైరెక్టరీ, అందులో సిస్టమ్/బయోస్ చూడాలి. విండోస్‌లో ఆ దారి, అంటే ఫోల్డర్ చిరునామా, మొదట్లో ఒక కోలన్ గుర్తు ఉంటుంది. రెట్రోఆర్క్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ అని దాని అర్థం. అందుకే ఆ ఫోల్డర్‌ని ఉన్నపళంగా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌కి పట్టుకెళ్లినా పనిచేస్తుంది. లైనక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లోని డాట్ కాన్ఫిగ్ లోపల రెట్రోఆర్క్, దాని లోపల సిస్టమ్. లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు వేసుకునే ఇంకో పద్ధతి అయిన ఫ్లాట్‌పాక్ ద్వారా వేసుకుంటే మాత్రం అక్కడ వెతకడం దండగ. డాట్ వార్ అనే దాచిన ఫోల్డర్ కింద యాప్‌కి విడిగా ఉన్న చోట ఉంటుంది. లైనక్స్‌లో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. ప్లేస్టేషన్ ఫైళ్లకు అన్నీ చిన్న అక్షరాలు, సెగా సీడీ అనే మిషన్ బయోస్ పేరులో మాత్రం కొన్ని అక్షరాలు పెద్దవి. విండోస్‌లో చల్లగా నడిచిన నా ఫోల్డర్ లైనక్స్‌లో ఈ ఒక్క కారణంగా మొరాయించింది.

కొన్ని కోర్లకు సిస్టమ్ లోపల మళ్లీ సొంత ఫోల్డర్ కావాలి. డ్రీమ్‌కాస్ట్‌కి డీసీ అనే ఫోల్డర్, పీఎస్‌పీకి పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఫోల్డర్. రెండోదానిలో ఉండాల్సిన ఫైళ్లు ఎవరి బయోసూ కావు, ఆ ఎమ్యులేటర్ సొంతవే. కాబట్టి ఆన్‌లైన్ అప్‌డేటర్‌లో కోర్ సిస్టమ్ ఫైల్స్ డౌన్‌లోడర్ నుంచి నిశ్చింతగా తెచ్చుకోవచ్చు.

దారిని మార్చేటప్పుడు రెండు సంగతులు. కొత్త ఫోల్డర్ చూపించినంత మాత్రాన పాతదాంట్లోని ఫైళ్లు వాటంతటవి రావు, మనమే తరలించాలి. ఇక మెనూలో కాకుండా కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చేత్తో దారి రాసేవాళ్లు రెట్రోఆర్క్ మూసేశాకే రాయాలి. అది బయటికి వచ్చేటప్పుడు తన దగ్గరున్న సెట్టింగ్స్‌ని ఆ ఫైల్ మీద రాసేస్తుంది, మీరు రాసింది పోతుంది. నేను ఒకే లైను మూడుసార్లు రాశాక గానీ ఇది నాకు వెలగలేదు.

ఆండ్రాయిడ్‌లో నాకు జరిగిన నష్టం వీటన్నిటికన్నా పెద్దది. ఫోన్‌లో మొదట ప్లే స్టోర్ వెర్షన్ వేసుకున్నాను. దాని ఫోల్డర్లన్నీ 'ఆండ్రాయిడ్' ఫోల్డర్‌లోని 'డేటా' లోపల యాప్ పేరు మీద తయారయ్యాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ డేటా ఫోల్డర్‌లోకి మామూలు ఫైల్ మేనేజర్లను వెళ్లనివ్వరు. అంటే బయోస్ పెట్టాల్సిన చోటు ఉంది, మనం అక్కడికి చేరలేం. విసిగిపోయి యాప్ తీసేసి మళ్లీ వేశాను. యాప్ తీసేస్తే ఆ డేటా ఫోల్డర్ కూడా పోతుందని అప్పుడు నాకు తెలియదు. రెండు నెలలుగా బస్సులో వస్తూ పోతూ ఆడిన గేమ్ సేవ్‌లన్నీ దాంతోనే పోయాయి. దయచేసి ఎవరూ ఇలా చేయకండి. ఫోన్‌లో వేసుకున్న మొదటి రోజే స్టోరేజ్‌లో రెట్రోఆర్క్ అని సొంతంగా ఒక ఫోల్డర్ చేసుకుని, సిస్టమ్, సేవ్ ఫైళ్లు, సేవ్ స్టేట్లు (గేమ్‌ని ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచుకునే ఫైళ్లు), ప్లేలిస్టుల దారులు నాలుగూ దానివైపు మళ్లించండి. ఇప్పుడు నేను వాడుతున్నది రెట్రోఆర్క్ సొంత వెబ్‌సైట్‌లో దొరికే 64 బిట్ వెర్షన్. దీనికి కోర్లు కూడా ఎక్కువ.

ప్లేలిస్టుల దగ్గరికి వస్తే, ఇక్కడ ప్లేలిస్ట్ అంటే ఒక మిషన్‌కి చెందిన గేమ్‌ల జాబితా. మెనూలో గేమ్ పేర్లు, అట్టల బొమ్మలతో వరుసగా కనపడేది దీనివల్లే. ఎల్‌పీఎల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ప్లేలిస్ట్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. లోపల ఉన్నది జేసన్ అనే పద్ధతిలో రాసిన మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. ప్రతి గేమ్‌కి ఫైల్ ఉన్న దారి, చూపించాల్సిన పేరు, వాడాల్సిన కోర్ రాసి ఉంటాయి. గేమ్ ఫైల్ అందులో ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. ఇది అర్థమైతే సగం పని అయినట్టే.

జాబితా తయారు చేయడానికి ఇంపోర్ట్ కంటెంట్‌లో రెండు దారులున్నాయి. మొదటిది స్కాన్ డైరెక్టరీ. అది ఫైళ్లను తన డేటాబేస్‌తో పోల్చి, గుర్తుపట్టిన వాటినే చేరుస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ, ఎవరైనా సరదాగా తయారు చేసిన సొంత గేమ్‌లు, మార్పులు చేసిన గేమ్‌లు చాలావరకు ఆ డేటాబేస్‌లో ఉండవు. అవి జాబితాలోకి రావు, ఎందుకు రాలేదో కూడా చెప్పదు. పాతిక ఫైళ్లున్న ఫోల్డర్‌కి పద్నాలుగే కనపడితే కొత్తవాళ్లు ఫైళ్లే పాడైపోయాయనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

రెండోది మాన్యువల్ స్కాన్. నా ఓటు దీనికే. ఏ ఫోల్డరో, ఏ సిస్టమో, ఏ కోరో మనమే చెబుతాం. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వస్తాయి. సిస్టమ్ పేరు దగ్గర మాత్రం సొంత పేరు టైప్ చేయకుండా, అది చూపించే జాబితాలో నుంచే ఎంచుకోండి. అట్టల బొమ్మలు డౌన్‌లోడ్ అయ్యేది ఆ పేరును బట్టే. డిఫాల్ట్ కోర్ కూడా అక్కడే పెట్టేస్తే గేమ్ తెరిచిన ప్రతిసారీ ఏ కోర్ కావాలని అడగదు.

రెండు మూడు డిస్కుల గేమ్‌లకు ఎం3యూ ఫైల్ చేసుకోవాలి. ఇది నోట్‌ప్యాడ్‌లో చేసే మామూలు ఫైలే, ఒక్కో లైనులో ఒక్కో డిస్క్ ఫైల్ పేరు రాస్తే చాలు. గ్రాన్ టురిస్మో 2లో సిమ్యులేషన్ ఒక డిస్క్, ఆర్కేడ్ ఇంకో డిస్క్. వీటిని విడివిడిగా తెరిస్తే రెట్రోఆర్క్ ఒక్కోదానికీ ఒక్కో మెమొరీ కార్డు తయారు చేస్తుంది. సిమ్యులేషన్‌లో కష్టపడి కొన్న కార్లు ఆర్కేడ్ డిస్క్‌కి కనపడవు. ఎం3యూ ద్వారా తెరిస్తే రెండిటికీ ఒకటే కార్డు. డిస్క్ మార్చడానికి క్విక్ మెనూలో డిస్క్ కంట్రోల్ తెరిచి, ఎజెక్ట్ నొక్కి, నంబరు మార్చి, ఇన్సర్ట్ చేయాలి. నేను ఎం3యూ ఫైళ్లను పై ఫోల్డర్‌లో పెట్టి, డిస్క్ ఫైళ్లను లోపలి ఫోల్డర్‌లోకి తోసి (అప్పుడు ఎం3యూ లైన్లలో ఫైల్ పేరుకి ముందు ఆ ఫోల్డర్ పేరు కూడా రాయాలి), మాన్యువల్ స్కాన్‌లో లోపలి ఫోల్డర్లు వెతకొద్దని చెబుతాను. దాంతో జాబితాలో ఒక్కో గేమ్ ఒక్కసారే కనపడుతుంది.

ఆర్కేడ్ గేమ్‌ల పేర్లది వేరే గొడవ. మన ఊళ్లలో రూపాయి బిళ్ల వేసి ఆడిన 'ముస్తఫా గేమ్' గుర్తుందా? దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో క్యాప్‌కామ్ తెచ్చింది. అందులో ఒక హీరో పేరు ముస్తఫా కాబట్టి మనవాళ్లు గేమ్‌కే ఆ పేరు ఖాయం చేశారు. ఎమ్యులేటర్లకు మాత్రం అది 'డైనో' అనే జిప్ ఫైల్. ఆర్కేడ్ జిప్‌ల పేరు మార్చకూడదు, విప్పకూడదు, ఆ పొట్టి పేరును బట్టే కోర్ గుర్తుపడుతుంది. పేరు మార్చుకోవాలంటే ప్లేలిస్ట్‌లో గేమ్ మీద రీనేమ్ వాడండి. అప్పుడు జాబితాలో కనపడే పేరు మాత్రమే మారుతుంది, ఫైల్ అలాగే ఉంటుంది. నా జాబితాలో అది ఇంగ్లీషు అక్షరాల్లో ముస్తఫా అనే ఉంది. పేరు మార్చగానే నాకు అట్ట బొమ్మ మాయమైంది, అయినా ఆ పేరే ఉంచాను.

గేమ్‌లను ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి మార్చినప్పుడు జాబితా అంతా ఉత్తదైపోతుంది, చిరునామాలు పాతవి కదా. ఎల్‌పీఎల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పాత దారి తీసి కొత్త దారి పెడితే సరిపోతుంది. విండోస్‌లో అయితే ఆ ఫైల్ లోపల ఒక్క బ్యాక్‌స్లాష్ ఉండాల్సిన చోట రెండు ఉంటాయి, మీరూ రెండే రాయాలి. రెండు మూడు మిషన్లలో ఒకే జాబితా వాడుకునేవాళ్లకు ప్లేలిస్ట్స్ సెట్టింగ్స్‌లో పోర్టబుల్ ప్లేలిస్ట్స్ అని ఒకటుంది. ఫైల్ బ్రౌజర్ డైరెక్టరీని ప్రతి మిషన్‌లో గేమ్‌లున్న చోటికి చూపిస్తే, దారుల్ని అదే సరిచేసుకుంటుంది. పేర్లున్నా ఫైళ్లు లేని వాటిని ఏరేయడానికి మేనేజ్ ప్లేలిస్ట్స్‌లో క్లీన్ ప్లేలిస్ట్ ఉంది.

నచ్చనిది, మెనూ. ఒకే పనికి సంబంధించినవి మూడు చోట్ల ఉంటాయి. బయోస్ లేదని చెప్పే పేజీ ఒక మూల, బయోస్ ఫోల్డర్ మార్చే పేజీ ఇంకో మూల. ఒకే ఒక్క మిషన్ గేమ్‌లు ఆడుకోవాలంటే ఆ మిషన్‌కి విడిగా ఉన్న ఎమ్యులేటర్ వేసుకోవడమే సుఖం. అయిదారు మిషన్లవి ఒకే చోట, ఒకే జాయ్‌స్టిక్ సెట్టింగ్‌తో కావాలనుకునేవాళ్లకు మాత్రం ఒక ఆదివారం దీనికి ఇవ్వమని గట్టిగా చెబుతాను.

మెమొరీ కార్డు కాపీ గురించి చెబుతానన్నాను కదా. ప్లేస్టేషన్ కార్డు 128 కేబీ. బీటిల్ పీఎస్‌ఎక్స్ సేవ్ ఫోల్డర్‌లో పెట్టుకునే ఎస్‌ఆర్‌ఎం ఫైల్ కూడా సరిగ్గా అంతే, లోపలి అమరిక కూడా అదే. నేను ఆ కాపీకి గ్రాన్ టురిస్మో 2 ఎం3యూ ఫైల్ పేరే పెట్టి, ఎక్స్‌టెన్షన్ ఎస్‌ఆర్‌ఎం చేసి, సేవ్స్ ఫోల్డర్‌లో వేశాను. పోయిన సంక్రాంతికి బావ వచ్చినప్పుడు లాప్‌టాప్‌ని టీవీకి కలిపి గేమ్ పెట్టాను. లోడ్ నొక్కగానే గ్యారేజీ తెరుచుకుంది. బావ కాసేపు కార్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, "ఏరా, ఇవన్నీ నావేనా?" అన్నాడు. "నీవే బావా, ఒక్కటీ అమ్మలేదు" అన్నాను.